ద్యురాస్‌ను చదవడానికి మనోవిశ్లేషణా, స్త్రీవాదమా?

ఫ్రెంచి రచయిత్రి మార్గెరిత్ ద్యురాస్ నవల ఒకటి చదివి, ఆమె మీద వచ్చిన విమర్శ కూడా కాస్త చూద్దామని మొదలుపెడితే రెండు గుట్టలు ఎదురవుతాయి. ఒకటి మనోవిశ్లేషణ గుట్ట, ఫ్రాయిడ్ మొదలుపెట్టిన మనసు శాస్త్రం: అందులో ఫ్రెంచి మనోవిశ్లేషకుడు లకాన్, మనోవిశ్లేషకురాలు, విమర్శకురాలు క్రిస్తెవా, కోరిక, చూపు, విషాదం. రెండోది స్త్రీవాదం గుట్ట: అందులో ఫ్రెంచి రచయిత్రి సిక్సూ, స్త్రీ రచన, దేహం, పితృస్వామ్యం. ఎమ్మే విద్యార్థి అయినా, పరిశోధనకి అంశం ఖాయం చేసుకోవాల్సిన వాళ్లయినా, 'ద లవర్' (ఫ్రెంచి 'ప్రేమికుడు'కు ఇంగ్లీషు అనువాదం) చదివి ఏదో అర్థమై ఏదో అర్థంకాక మిగిలిపోయిన మామూలు పాఠకులైనా అడిగేది ఒకటే: ముందు ఏ గుట్ట?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆ రెండు పేర్ల మధ్య ఎంచుకుంటే ఒరిగేది తక్కువ. ద్యురాస్ మీద రాసిన ముఖ్యమైన స్త్రీలు చాలామంది రెండు చోట్లా కనిపిస్తారు. మిషెల్ మోంత్రలే లకాన్ దగ్గర పనిచేసిన మనోవిశ్లేషకురాలు. ఆమె ముఖ్య పుస్తకం స్త్రీత్వం గురించే. మార్సెల్ మారిని 1977లో ద్యురాస్ మీద స్త్రీవాద పుస్తకం వేసి, 1986లో లకాన్ మీదే ఇంకో పుస్తకం వేసింది. కాబట్టి తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ద్యురాస్ కథల్లో ఆడవాళ్లు పెద్దగా మాట్లాడరు. నిద్రపోతారు, చూస్తూ ఉంటారు, నడుస్తూ ఉంటారు, అడిగినదానికి సగం జవాబు చెప్పి ఆగిపోతారు. ఆ మౌనం మీకు ఏమనిపిస్తోంది? జబ్బా? జ్ఞానమా? ధిక్కారమా? లేకపోతే మగవాళ్లు ఎప్పటినుంచో ఆడవాళ్లకు తగిలిస్తున్న పాత ముసుగేనా? ఎవరి విమర్శ ముందు తెరవాలన్నది ఈ జవాబును బట్టి తేలుతుంది.

ఆమె గురించి రెండు మాటలు. 1914లో అప్పటి ఫ్రెంచి ఇండోచైనాలో (ఇప్పటి వియత్నాంలో), సైగాన్ పక్కనున్న జియా దిన్‌లో పుట్టింది. అసలు ఇంటిపేరు దొనాదియూ. ద్యురాస్ అన్నది తండ్రి తరఫు ప్రాంతంలో ఒక ఊరి పేరు. లెక్కల మాస్టారైన తండ్రి 1921లో పోయాడు. బడిపంతులమ్మ అయిన తల్లి దాచుకున్న డబ్బంతా పోసి కంబోడియా తీరంలో ప్రభుత్వం నుంచి భూమి తీసుకుంటే, అది ఏటా సముద్రపు నీట మునిగే నేల అని తర్వాత తెలిసింది. 1950లో వచ్చిన 'పసిఫిక్‌కు అడ్డుకట్ట' నవల ఆ దెబ్బలోంచే పుట్టింది. యుద్ధకాలంలో నాజీలను ఎదిరించిన ప్రతిఘటన ఉద్యమం, కొన్నాళ్లు కమ్యూనిస్టు పార్టీ, తర్వాత సినిమాలు. డెబ్బై ఏళ్ల వయసులో, 1984లో, 'ప్రేమికుడు' నవలకు ఫ్రాన్స్‌లో పేరున్న గోంకూర్ సాహిత్య బహుమతి. 1996లో పారిస్‌లో మరణం. ఇంత కథ ఉన్న జీవితం విమర్శకుల చేతికి దొరికితే ఏమవుతుందో కింద చెబుతాను.

పోలిక తేలాలంటే ఒక పుస్తకం మీద నిలబడాలి. అందుకు 1964లో వచ్చిన లోల్ వి. స్టైన్ నవలను మించింది లేదు. రిచర్డ్ సీవర్ చేసిన ఇంగ్లీషు అనువాదం 'ద రావిషింగ్ ఆఫ్ లోల్ స్టైన్' పేరుతో దొరుకుతుంది. కథ కొంచెమే. పంతొమ్మిదేళ్ల లోల్‌కు మైకేల్ రిచర్డ్‌సన్‌తో పెళ్లి నిశ్చయమైంది. టి. బీచ్ అనే ఊళ్లో, మునిసిపల్ కాసినోలో ఒక రాత్రి డాన్సు. నల్ల గౌను వేసుకున్న ఆన్-మరీ స్త్రెతెర్ అనే పెద్దావిడ లోపలికి వస్తుంది. రిచర్డ్‌సన్ తెల్లారేదాకా ఆమెతోనే ఆడతాడు. లోల్ ఒక పక్కన, స్నేహితురాలు తత్యానా కార్ల్‌తో కలిసి, ఆ ఇద్దరినీ చూస్తూ నిలబడిపోతుంది. రాత్రంతా ఏడుపు లేదు, గొడవ లేదు. తెల్లవారి వాళ్లిద్దరూ వెళ్లిపోతున్నప్పుడు మాత్రం అరుస్తుంది. తర్వాత ఇంకొకరిని పెళ్లాడి, పిల్లల్ని కని, గడియారం పెట్టినట్టు ఇల్లు నడుపుతూ పదేళ్లు గడిపి, పుట్టినూరు ఎస్. తాలాకు తిరిగొస్తుంది. అక్కడ తత్యానా తన ప్రియుడు జాక్ హోల్డ్‌ను హోటల్‌లో కలుసుకుంటూ ఉంటే, ఆ హోటల్ వెనక రై చేలో పడుకుని, వెలుగుతున్న కిటికీ వంక చూస్తూ ఉంటుంది లోల్.

ఇప్పుడు మౌనానికి వచ్చిన నాలుగు జవాబులు చూడండి.

మొదటిది లకాన్‌ది. 1965 డిసెంబరులో ఒక పత్రికలో ద్యురాస్‌కు నివాళిగా చిన్న వ్యాసం రాశాడు. కొన్ని పేజీలే, కానీ కొరుకుడు పడదు. లోల్ పేరులో పిల్లలాడే కాగితం, కత్తెర, రాయి ఆట కనిపించిందంటాడు. అక్కడ చిరాకొస్తే తప్పు మీది కాదు. అయినా ఆ వ్యాసంలో పట్టుకోవాల్సిన మాటలు మూడున్నాయి. లోల్ దొంగచాటుగా చూసి ఆనందించే మనిషి కాదు. కిటికీలో జరిగేదానివల్లే ఆమె ఉనికిలోకి వస్తోంది. డాన్సు నాటి సంఘటన మళ్లీ జరగడం లేదు, ముగ్గురు మనుషులతో కూడిన ఒక ముడి మళ్లీ పడుతోంది. ఇక మూడోది, నా మటుకు అన్నిటికన్నా పనికొచ్చేది: లోల్‌ను అర్థం చేసుకోవాలని చూడొద్దు, అర్థం చేసుకోబడడం ఆమెకు సరిపడదు. నవల చివర్లో జాక్ హోల్డ్ ఆమెను అర్థం చేసుకోబోతాడు, అక్కడే ఆమె చెదిరిపోతుంది. లోల్‌కు ఫలానా జబ్బు అని లకాన్ చీటీ అంటించడు. మనసు విషయంలో కళాకారులు తనకన్నా ముందుంటారని ఫ్రాయిడ్‌ను గుర్తుచేస్తూ ఒప్పుకుంటాడు. రచయిత ఎంచుకున్న శిల్పాన్ని రచయిత నరాల జబ్బుగా చూపించడం మోటుతనం అని కూడా అంటాడు. 'లకాన్ ప్రకారం' అంటూ ద్యురాస్ బాల్యాన్ని తవ్వే పరిశోధన పత్రాలు రాసేవాళ్లు ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగితే బాగుండు.

అదే వ్యాసంలో ఇంకో మాట ఉంది. నేను బోధించేది నా అవసరం లేకుండానే ఆమెకు తెలుసని తేలింది, అంటాడు. పొగడ్తే. కానీ పాఠం ఎవరిది, పుస్తకం ఎవరిది అనే లెక్కలో పైచేయి ఎవరిదో చూడండి. ఈ పెద్దరికం ద్యురాస్‌కూ తగిలింది. 1993లో వచ్చిన 'రాయడం' పుస్తకంలో లకాన్ అన్న మాట ఒకటి గుర్తుచేసుకుంటుంది: తాను రాస్తున్నది రాస్తున్నట్టు ఆమెకు తెలియకూడదు, తెలిస్తే తప్పిపోతుంది, అది విపత్తు అవుతుంది. కోపం తెచ్చుకోవాల్సిన మాట. ఆమె కోపం తెచ్చుకోదు. ఆ వాక్యం తనకు ఒక రకమైన గుర్తింపుగా, ఆడవాళ్లు ఎరగని 'చెప్పే హక్కు'గా మారిందంటుంది. మనోవిశ్లేషకుడి తీర్పును తీసుకుని స్త్రీ హక్కుగా తిప్పేసుకుంది. ఈ రెండు చదువులూ ఒకదాన్నొకటి ఎలా ఒరుసుకుంటాయో చూపించడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. సెమినార్‌లో మొదటి రోజే బల్ల మీద పెట్టాల్సిన పేజీ ఇది.

రెండో జవాబు జూలియా క్రిస్తెవాది. 1987లో వచ్చిన 'నల్ల సూర్యుడు' పుస్తకం కుంగుబాటు గురించి. అందులో చివరి అధ్యాయం మొత్తం ద్యురాస్ మీదే. లకాన్ జబ్బు అనడానికి ఇష్టపడని చోట క్రిస్తెవా నేరుగా నొప్పి అంటుంది. లోల్ మౌనం, ఆన్-మరీ మౌనం, ద్యురాస్ కథ రాసిన 'హిరోషిమా మోనామూర్' సినిమాలో నెవేర్ ఊరి నేలమాళిగలో ఉన్న అమ్మాయి మౌనం, అన్నీ ఒకే నొప్పికి రూపాలు. తల్లి నుంచి విడిపోలేకపోయిన కూతుళ్ల నొప్పి అది, యుద్ధం తర్వాత మాటల మీద నమ్మకం పోయిన లోకం నొప్పి కూడా. ద్యురాస్ శైలిలోని తడబాటును క్రిస్తెవా లోపంగా చూడదు. అదే ఆమె సౌందర్యం అంటుంది. కానీ ఆ రచన శుద్ధి చేయదు, ఓదార్చదు, మానిపించదు. అందుకే మనసు బలహీనంగా ఉన్న పాఠకులకు ఈ పుస్తకాలు ఇవ్వకూడదని రాసేసింది. సాహిత్య విమర్శలో మందు చీటీ మీద రాసే హెచ్చరిక కనబడడం అరుదు. నాకు అది అతిగానే అనిపించింది. అయితే కుంగుబాటు నుంచి ఇప్పుడిప్పుడే తేరుకుంటున్న స్నేహితులకు లోల్ నవల కానుకగా ఇవ్వాలా అంటే, నేనూ వద్దనే అంటాను.

మూడో జవాబు 1970ల నాటి ఫ్రెంచి స్త్రీవాదులది. అప్పటి వాతావరణం తెలియకపోతే ఇది గాల్లో మాటలా ఉంటుంది. 1971 ఏప్రిల్‌లో 343 మంది స్త్రీలు తాము గర్భస్రావం చేయించుకున్నామని బహిరంగంగా ప్రకటిస్తూ సంతకాలు చేశారు. అప్పటికి ఫ్రాన్స్‌లో అది నేరం. ఆ సంతకాల్లో ద్యురాస్‌ది ఒకటి. 1974లో స్త్రీవాద రచయిత్రి జావియేర్ గోతియేతో ఆమె జరిపిన సంభాషణలు 'మాటకారులు' పేరుతో పుస్తకంగా వచ్చాయి. అందులో మొదట్లోనే చర్చకు వచ్చేవి ద్యురాస్ వాక్యాల మధ్య ఖాళీలు: వాక్యం సగంలో తెగిపోవడం, వ్యాకరణం జారిపోవడం. ఇలాంటి ఖాళీలు మగవాళ్ల రాతల్లో ఉంటాయా అన్నది గోతియే సందేహం. మరుసటి ఏడు ఎలెన్ సిక్సూ తన పేరుపొందిన 'మెడూసా నవ్వు' వ్యాసంలో, ఇరవయ్యో శతాబ్దపు ఫ్రాన్స్‌లో స్త్రీత్వం రాతలోకి ఎక్కినట్టు తనకు కనిపించినవారు కోలెత్, ద్యురాస్, జ్యాఁ జెనే అని ఒక అడుగు గమనికలో రాసింది. మూడో పేరు మగవాడిది. స్త్రీ రచన అంటే ఆడవాళ్లు రాసినదే అనుకుని కొట్టుకునే మన చర్చలకు అది చాలా పనికొచ్చే గమనిక. అదే ఏడు సిక్సూ, తత్వవేత్త ఫూకోతో కలిసి ద్యురాస్ మీద మాట్లాడుతూ ఆమెది పేదరికపు కళ అంది. ఒక్కొక్కటే వదిలేసుకుంటూ, కోల్పోతూ పోయే కళ. తర్వాత మారిని ఆ ఖాళీలను స్త్రీల భూభాగంగా గుర్తించే పుస్తకం రాసింది. ఈ చదువులో లోల్ జబ్బు మనిషి కాదు. పెళ్లి, ఇల్లు, పిల్లలు అనే వరసను లోపల్నించి ఖాళీ చేసేసిన మనిషి.

నాలుగో జవాబు ఈ మూడింటినీ అనుమానిస్తుంది. 1988లో ట్రిస్టా సెలూస్ అనే ఇంగ్లీషు విమర్శకురాలు, ద్యురాస్ స్త్రీలను స్త్రీవాద విజయంగా మోసుకు తిరగడం ఆపమంది. మాట్లాడని స్త్రీ, తన కోరిక తనకే తెలియని స్త్రీ, మగవాడు కళ్లార్పకుండా చూసే స్త్రీ. ఇది కొత్త సరుకా? మగ ఊహల్లో తరతరాలుగా ఉన్న రహస్యమయ స్త్రీయే కదా? ఆ బొమ్మ మౌనంగా ఉంది కాబట్టే ఎవరి ఊహనైనా దాని మీద పరిచేసుకోవచ్చు, లకాన్ ఊహతో సహా.

ఒక్కటే చదవగలిగే టైముంటే నేను ఈ నాలుగో దాన్నే ముందు చదవమంటాను. అది చివరి మాట అని చెప్పడం లేదు. మిగతా మూడింటి మత్తు ముందే కాస్త దించుతుంది కాబట్టి. ఆ తర్వాత లకాన్‌ను చదివితే మెరుపులు కనిపిస్తాయి, మోజు పుట్టదు.

అయితే సెలూస్ ప్రశ్నకు నవలలోనే ఒక జవాబు ఉందని నా వాదన. లోల్ కథ చెబుతున్నది ఎవరు? చాలా పేజీలు గడిచాక, మూడో మనిషిగా మనం అనుకుంటున్న జాక్ హోల్డ్ 'నేను' అంటూ బయటపడతాడు. అప్పటిదాకా చదివిన లోల్ అతను చెప్పిన లోల్. విన్నవి కొన్ని, ఊహించినవి కొన్ని, 'కల్పిస్తున్నాను' అని అతనే ఒప్పుకున్నవి కొన్ని. లోల్ లోపల ఒక మాట లేని మాట, నడిమధ్యన బెజ్జం ఉన్న మాట ఉందన్న ప్రసిద్ధ పేజీ కూడా అతని నోటి నుంచి వచ్చిందే. ఆడమనిషి మౌనానికి మగవాడు అర్థం కల్పించడం ఎలా జరుగుతుందో నవల బట్టబయలుగా చూపిస్తోంది. రెండేళ్ల తర్వాత వచ్చిన 'వైస్ కాన్సల్' నవల అయితే మొదటి వాక్యంలోనే ఆ గుట్టు విప్పేస్తుంది: ఆమె నడుస్తుంది, అని రాస్తాడు పీటర్ మోర్గన్. ఆ నడిచే ఆమె, కడుపొచ్చిందని తల్లి ఇంట్లోంచి గెంటేస్తే కంబోడియా నుంచి కలకత్తా దాకా నడిచి మతి తప్పిన బిచ్చగత్తె. ఆమె కథ రాస్తున్నవాడు కలకత్తాలో ఉన్న ఒక ఇంగ్లీషు కుర్రవాడు.

మనకు దీని తలకిందులు తెలుసు. చలం 'మైదానం'లో రాజేశ్వరి 'నేను' అని చెబుతుంది, వెనక ఉన్నది మగ రచయిత. ఆ గొంతు రాజేశ్వరిదా, చలానిదా అని తెలుగులో తరాలుగా వాదించుకున్నాం. ద్యురాస్ దగ్గర రాసేది ఆడమనిషి, 'నేను' అనేది మగవాడు. ఆ వాదం మీద పెరిగిన పాఠకులు ఈ మెలికను ఇట్టే పట్టుకుంటారు. లకాన్ దీన్ని గమనించాడు కానీ జాక్ హోల్డ్ కోరికగా తీసుకున్నాడు. అధికారంగా తీసుకోవడం స్త్రీవాదులకే సాధ్యమైంది.

ఇక పుస్తకం వారీగా.

లోల్ నవలకు మనోవిశ్లేషణ లేకుండా కుదరదు. ముగ్గురు మనుషుల ముడి, చూపు, మళ్లీ మళ్లీ అదే రాత్రికి వెళ్లడం, వీటికి సరైన భాష అక్కడే ఉంది. లకాన్ మింగుడుపడకపోతే మోంత్రలే దగ్గరికి వెళ్లండి. 1965లో లకాన్ సెమినార్‌లోనే ఈ నవల గురించి మాట్లాడింది. 1977లో వచ్చిన ఆమె పుస్తకంలో ఆ చర్చ ఉంది. పైగా ఆమె నవలకు దగ్గరగా నిలబడుతుంది.

'ప్రేమికుడు' విషయంలో నా ఓటు స్త్రీవాదానికే. పదిహేనున్నర ఏళ్ల పిల్ల, మెకాంగ్ నది మీద బల్లకట్టు, మగవాళ్ల టోపీ, బంగారు జరీ చెప్పులు, కారులో, సైగాన్ పక్కనున్న చోలోన్ నుంచి వచ్చిన చైనీయుడు. ఇందులో కోరుకునే మనిషి, చూసే మనిషి, లెక్కలేసుకునే మనిషి ఆ పిల్లే. చెప్పేటప్పుడు 'నేను', 'ఆమె' మారుతూ వస్తాయి. తీయకుండా పోయిన ఒక ఫొటో చుట్టూ కథ తిరుగుతుంది. తాను రాస్తానని కూతురు అంటే, ముందు లెక్కల్లో పెద్ద పరీక్ష గట్టెక్కు అంటుంది తల్లి. ఆ గొడవను తల్లిదండ్రుల మీద పిల్లల కోరికల గురించి ఫ్రాయిడ్ చెప్పిన ఈడిపస్ కథలోకి నెట్టేస్తే ఆడపిల్లకు చదువు, జీతం, రాత ఎలా ముడిపడ్డాయో జారిపోతుంది. క్రిస్తెవా చెప్పే తల్లీకూతుళ్ల ముడి మాత్రం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది, దాన్ని వదులుకోకండి.

అయితే ఒక జాగ్రత్త. ఆ పిల్ల కోరికను పండగ చేసుకునే స్త్రీవాదం సగం పుస్తకమే చదువుతుంది. ఆమె పేద, కానీ తెల్లపిల్ల. అతను ధనవంతుడు, కానీ వలస రాజ్యంలో చైనీయుడు. అతని డబ్బుతో ఖరీదైన హోటళ్లలో భోంచేస్తూ ఆమె అన్నలు అతనితో ఒక్క మాట మాట్లాడరు. నవల పొడుగునా అతనికి పేరు లేదు. ఈ పుస్తకంలో మాట పోగొట్టుకున్నది ఎవరు అని అడిగితే, మౌనం స్త్రీలది అన్న సూత్రం ఒక్కసారిగా పక్కకు ఒరుగుతుంది. 1991లో అదే కథను 'ఉత్తర చైనా ప్రేమికుడు'గా మళ్లీ రాసినప్పుడు ఆ మనిషికి కాస్త నిబ్బరం వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చదవడం మంచి పరిశోధనాంశం. ఇంకా ఎవరూ అరగదీయలేదని చెప్పను కానీ, మన దేశం నుంచి చదివేవాళ్లకు అందులో చెప్పడానికి సొంత మాట ఉంటుంది.

'వైస్ కాన్సల్' నవల, 1975 నాటి 'ఇండియా సాంగ్' సినిమా ఇంకా తమాషా. ఇవి మన దేశంలో జరుగుతాయి, అంటే జరుగుతాయని చెబుతారు. 1937లో కలకత్తాలో ఫ్రెంచి రాయబారి భార్య ఆన్-మరీ స్త్రెతెర్, లాహోర్‌లో కుష్ఠురోగుల మీద కాల్పులు జరిపి వచ్చిన వైస్ కాన్సల్, బయట ఆ బిచ్చగత్తె. బ్రిటిషు పాలనలో కలకత్తాలో ఫ్రెంచి రాయబారి ఏమిటని మనకు వెంటనే తడుతుంది. ద్యురాస్‌కూ తెలుసు. 'ఇండియా సాంగ్' పుస్తకం మొదట్లోనే ఈ భూగోళం తప్పుల తడక అని, రాజధాని కలకత్తా కాదు ఢిల్లీ అని, కలకత్తా నుంచి ఒక మధ్యాహ్నంలో గంగ ముఖద్వారానికి కారులో పోలేమని, భారతదేశపు ఊళ్ల పేర్లూ నదుల పేర్లూ ఇక్కడ ముందుగా సంగీతం కోసమేనని రాసింది. సినిమా తీసింది కూడా ఇక్కడ కాదు, ఫ్రాన్స్‌లో. కథ జరిగే 1937 నాటికి మన యానాంలో ఫ్రెంచి జెండా ఎగురుతూనే ఉంది, 1954 దాకా ఎగిరింది. ఆ ఊసు ఆమె సంగీతంలో వినపడదు.

మనోవిశ్లేషణ ఇక్కడ భారతదేశాన్ని మనసుకు సంబంధించిన స్థలంగా చదువుతుంది: కుష్ఠు, ఉక్కపోత, కేక, అన్నీ ఆన్-మరీ లోపలి దృశ్యాలు. మారిని ఆ బిచ్చగత్తెను, రాయబారి భార్యను ఒకే స్త్రీ కథకు రెండు కొసలుగా చూస్తుంది. చాలా శక్తిమంతమైన చదువు. కానీ తిండికి లేని ఆసియా స్త్రీ, విందులిచ్చే తెల్లావిడ ఒకే స్త్రీత్వానికి రెండు రూపాలు అనడానికి నాకు నోరు రాదు. ఇద్దరి మౌనం ఒకటి కాదు. ఒకామె విసుగొచ్చి మాట్లాడదు, రెండో ఆమెకు అక్కడి భాషే రాదు. నవలలో ఆమె నోట మిగిలింది 'బట్టంబాంగ్' అనే ఊరి పేరొక్కటే. ఈ రెండు పుస్తకాలకు మనోవిశ్లేషణ, స్త్రీవాదం రెండూ చాలవు. వలసపాలన గురించి అడిగే మూడో చదువును తోడు తెచ్చుకోవాలి. సినిమా చూసేవాళ్లకు ఒక మాట: తెర మీద ఎవరి పెదాలూ కదలవు, గొంతులన్నీ బయటినుంచి వస్తాయి. అది సాంకేతిక లోపం అనుకుని ఆపేయకండి. ఈ వ్యాసమంతా మాట్లాడుతున్నది దాని గురించే.

1982 నాటి 'మృత్యు వ్యాధి' అరవై పేజీలు కూడా ఉండదు. ఒక మగవాడు డబ్బిచ్చి ఒక స్త్రీని సముద్రం పక్కన గదికి కొన్ని రాత్రులు రప్పించుకుంటాడు, ప్రేమించడం ఎలాగో తెలుసుకోవడానికి. 'మీరు' అంటూ అతన్నే సంబోధిస్తూ సాగుతుంది కథనం. ఆమె ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది, అయినా అతని జబ్బుకు పేరు పెట్టేది ఆమే. ఇక్కడ రెండు చదువులూ నేరుగా ఢీకొంటాయి. కోరిక అసాధ్యమన్న పాఠానికి ఇంతకన్నా చక్కని కథ ఉండదని ఒకరు, కొనుక్కున్న ఆడదేహం పక్కన కూర్చుని తత్వం చెబుతున్నారని ఇంకొకరు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది: ఆ మగవాడు ఏ స్త్రీనీ కోరుకోనివాడు. దాన్నే మరణవ్యాధి అనడం ఇవాళ చదివేవాళ్లలో చాలామందికి మింగుడుపడదు, పడాల్సిన పనీ లేదు. చర్చా బృందాలకు నేను సూచించేది ఈ పుస్తకమే. తక్కువ పేజీలు, ఎక్కువ తగాదా.

1985లో వచ్చిన 'నొప్పి'కి, అంటే నాజీ శిబిరాల నుంచి భర్త రొబేర్ ఆంతెల్మ్ తిరిగొస్తాడా రాడా అని ఎదురుచూసిన రోజుల పుస్తకానికి, ఏ సిద్ధాంతమూ ముందు పెట్టుకోవద్దు. మామూలుగా చదవండి.

జీవితం విమర్శకుల చేతికి దొరికితే ఏమవుతుందో చెబుతానన్నాను. పిచ్చి పట్టిన తల్లి, క్రూరుడైన పెద్దన్న, 1942లో పోయిన చిన్నన్న, తాగుడు, ఇవన్నీ తెచ్చి నవలల మీద పోసి, ఇదిగో కారణం అనడం మనోవిశ్లేషణ పేరుతో జరిగే చెడ్డ అలవాటు. స్త్రీవాదం పేరుతో జరిగేది ఇంకోటి: ఆమె సంతకం చేసిన ప్రకటన చూపించి ప్రతి పేజీనీ ఉద్యమ కరపత్రంగా చదవడం. రెండిటికీ గుణపాఠం 1985 జూలైలో వచ్చింది. తూర్పు ఫ్రాన్స్‌లో ఒక పసివాడి హత్య కేసులో తల్లి మీద అభియోగం మోపితే, ద్యురాస్ 'లిబెరాసియోఁ' పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఆ తల్లే చంపి ఉంటుందని ఊహించుకుని, కాపురపు చెరలో ఉన్న ఆడమనిషి చేసిన ఆ పని మహోన్నతం అనే దాకా పోయింది. చాలామంది స్త్రీలు మండిపడ్డారు. 1993లో న్యాయస్థానం ఆ తల్లి మీద ఏ ఆధారమూ లేదని కేసు కొట్టేసింది. బతికున్న ఒక మనిషి మౌనానికి ద్యురాస్ తన అర్థం తొడిగింది. లోల్‌కు జాక్ హోల్డ్ చేసింది అదే. ఆ వ్యాసాన్ని దాచిపెట్టే స్త్రీవాద అధ్యయనాన్నీ, ఆమె లోపలి చీకటికి గుర్తుగా మాత్రమే వాడుకునే మనోవిశ్లేషణనూ నేను నమ్మను.

ఇక పనికొచ్చే సంగతులు. ఇంగ్లీషులో చదివేవాళ్లకు 'ప్రేమికుడు', 'మృత్యు వ్యాధి', 'నొప్పి' మూడూ బార్బరా బ్రే అనువాదాల్లో ఉన్నాయి. క్రిస్తెవా పుస్తకం 'బ్లాక్ సన్' పేరుతో ఉంది. మొదటి అధ్యాయాలు వదిలేసి నేరుగా ద్యురాస్ అధ్యాయానికి వెళ్లినా నష్టం లేదు. మారిని పుస్తకం కోసం మాత్రం ఫ్రెంచి నేర్చుకోవడమో, ఫ్రెంచి శాఖలో స్నేహితుల్ని సంపాదించుకోవడమో చేయాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) రూపంలో ఆ వీలుంది.

పరిశోధన పత్రం రాసేవాళ్లు 'ద్యురాస్: ఒక మనోవిశ్లేషణాత్మక స్త్రీవాద అధ్యయనం' లాంటి శీర్షిక పెట్టకండి, గైడ్ ముచ్చటపడినా సరే. ఒక పుస్తకం, అందులో మాట్లాడని ఒక మనిషి, ఆ మనిషి తరఫున మాట్లాడుతున్న ఇంకో మనిషి, ఈ మూడూ తీసుకోండి. లకాన్‌ను ఎంత ఉటంకించాలో, సిక్సూను ఎంత ఉటంకించాలో ఆ తర్వాత పేజీలే చెబుతాయి. అనువాదం చేద్దామనుకునేవాళ్లకు వీటిలో ఏ విమర్శా ముందుగా అక్కర్లేదు. చేసి ముగించాక గోతియేతో సంభాషణలు చదవండి. తెలుగు వాక్యం సాఫీగా ఉండాలని మీరు పూడ్చేసిన ఖాళీలు ఎన్నో అప్పుడు కనబడతాయి, వాటిలో కొన్నిటిని మళ్లీ తవ్వాల్సి వస్తుంది.